లింబన్న సంతకం

"పైలంగ వట్టుకో బిడ్డా, నా రుజువు గదొక్కటే," అంటూ లింబన్న లామినేషన్ చేయించిన అరబ్బీ కాగితాన్ని అరబ్బు దేశంలోని ముసఫ్ఫాలో, అరబ్బీ అర్జీలు రాసిచ్చే టైపింగ్ సెంటర్‌లో పనిచేసే వాసంతి ముందు పెట్టాడు.

లాకప్‌లో పదకొండు రోజులు ఉంచి కొట్టిన అధికారి మీద అతను కేసు పెట్టాలి. విడిచిపెట్టిన రోజు ఆ కాగితం చేతికిచ్చారు.

వాసంతి రెండుసార్లు చదివింది.

"ఇందుల ఏమున్నదో ఎర్కేనా కాకా?"

"నన్ను లోపలేసిన సంగతి. నా పెండ్లి పత్రికనా మరి?"

"'నన్ను ఎవ్వరు కొట్టలే' అని ఉన్నది. కింద నీ వేలిముద్ర."

లింబన్న ఎడమచేత్తో ఆ ముద్రను తడిమాడు.

"నాకు సంతకం వస్తది బిడ్డా. ఆ దినం వేళ్లు వంగలే. వాళ్లే బొటనవేలు వట్టి ఒత్తిచ్చిన్రు."

"అగో, గదే రాస్త!" వాసంతి గబగబా టైపు చేసి, ప్రింటు తీసి, పెన్ను అందించింది. "మంచిగ సంతకం పెట్టు. వాళ్లకు అదే జవాబు."

లింబన్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పెన్ను మీదికి తెచ్చాడు. వేళ్లు ముడుచుకోలేదు. పెన్ను దొర్లి కింద పడింది.

వాసంతి దాన్ని తీయలేదు. సొరుగులోంచి సిరా ప్యాడ్ తీసి, మెల్లగా అతని వైపు జరిపింది.