మూడు లెక్కలూ తప్పే

"త్రిభుజంలో రెండు కోణాలు యాభై, అరవై. మూడోది ఎంత? త్వరగా చెప్పు."

చీకట్లో అమ్మ కూతురిని తొందరపెట్టింది. నాలుగో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయి ఐదు నిమిషాలైంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. "మెకానిక్కు వస్తున్నాడమ్మగారూ, ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి!" అని పైనుంచి వాచ్‌మన్ అరిచి వెళ్లాడు.

ఆ ఇరవై నిమిషాలకే అమ్మ భయం. రెండు నెలల కిందట గుండె మొరాయిస్తే డాక్టరు మాత్రలు రాసిచ్చి, "దేనికీ కంగారు పడకండి" అన్నాడు. చెప్పడానికేం, ఇరుక్కున్నది ఆయన కాదుగా! మాత్రలేమో ఇంట్లో ఫ్రిజ్ మీదున్నాయి. ఏడో తరగతి పిల్ల హడలిపోతుందని, అవి గ్యాస్ మాత్రలని అమ్మానాన్నలు కూతురికి చెప్పారు. ఇప్పుడు ఈ ఇనప్పెట్టెలో తను కూలబడితే పిల్ల ఒక్కతీ ఏమైపోతుంది? అందుకే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రేపటి పరీక్ష లెక్కలు అడుగుతోంది. ట్యూషన్లు చెప్పుకునే మనిషికి ఇంకేం తోస్తుంది?

కూతురు ఆమె మణికట్టు పట్టుకుని వదలడం లేదు. కళ్లు తన గడియారంలో పచ్చగా మెరుస్తున్న ముల్లు మీదే ఉన్నాయి. నిమిషాలు లెక్కపెట్టుకుంటోంది కాబోలు పాపం, అనుకుంది అమ్మ.

"చెప్పవే!"

"నూట నలభై నాలుగు."

"నీ మొహం! మూడూ కలిపితే నూట ఎనభై. అందులో నూట పది పోతే డెబ్బై కదా?"

లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే పిల్ల. భయంతో బుర్ర మొద్దుబారిపోయిందని అమ్మ జాలిపడింది.

"ఇంకోటి అడుగమ్మా."

"రెండు ఎక్స్‌లకి ఐదు కలిపితే పదిహేడు. ఎక్స్ ఎంత?"

కూతురు గడియారం వైపే చూసింది. తర్వాత, "నూట పన్నెండు."

"ఆరే తల్లీ, ఆరు! పదిహేడులోంచి ఐదు తీసెయ్, పన్నెండు. దాన్ని రెండుతో భాగించు." విడమరిచి చెబుతుంటే అమ్మకి ఊపిరి కాస్త కుదురుగా ఆడింది.

"ఇంకోటి."

"పన్నెండు మంది పది రోజుల్లో చేసే పని పదిహేను మంది ఎన్ని రోజుల్లో చేస్తారు?"

మళ్లీ అంతసేపూ గడియారం మీదే కళ్లు. "తొంభై రెండు."

అమ్మకి నవ్వాగలేదు. "ఎనిమిదే పిచ్చిమొద్దూ! మనుషులు పెరిగితే రోజులు పెరుగుతాయా? పనిచేస్తున్నారా, గుర్రుపెట్టి నిద్రపోతున్నారా?"

అంతలో తలుపు కిర్రుమంది. వెలుతురు పడింది. వాచ్‌మన్ చెయ్యందించి ఇద్దర్నీ పైకి లాగాడు. మాత్రల అట్ట పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు నాన్న.

"ఎలా ఉంది నీకు?" అని గొంతు తగ్గించాడు. "దానికి అనుమానం రాలేదు కదా?"

"దానికంత ధ్యాసెక్కడిది? మూడు లెక్కలడిగితే మూడూ తప్పే చెప్పింది, వెర్రితల్లి."

కూతురు అప్పుడు అమ్మ మణికట్టు మీంచి వేళ్లు తీసి నాన్న వైపు తిరిగింది.

"నూట నలభై నాలుగు నుంచి తొంభై రెండుకి దిగింది నాన్నా, అమ్మ నాడి."