అయింది టీచర్

"సగాన్ని మూడోవంతుతో గుణిస్తే ఆరోవంతు. అర్థమైందా?" అంది లెక్కల టీచర్.

"అయింది టీచర్" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

వెనక బెంచీలోంచి హెడ్‌మిస్ట్రెస్ తలెత్తింది. "నోటితో కాదమ్మా, ట్యాబుల్లో నొక్కించు. ఎవరేం నొక్కారో పేర్లు కనపడవని చెప్పు."

ఈ ఒక్క పాఠం చూసి, టీచర్ని ఇక్కడే ఉంచాలో దూరపు బడికి పంపాలో సాయంత్రానికల్లా రాసేది ఆవిడే.

పిల్లలు నొక్కారు. గోడ మీది పెద్ద తెర నిండా చుక్కలు వెలిగాయి. ముప్ఫై ఒక్కటీ ఎర్రవే. ఎరుపంటే అర్థం కాలేదని.

టీచర్‌కి ఎటు చూడాలో తోచలేదు. ముందు తెర, వెనక ఆవిడ.

"మరి అయిందన్నారు కదర్రా?"

జడల పిల్ల లేచింది. "అయిందంటేనే కదా మీరు వదిలేస్తారు. గుణిస్తే పెరగాలి కదా టీచర్, సగం కాస్తా ఇంకా చిన్నదెందుకైంది?"

"సరే, మళ్లీ చెప్తాను."

"వద్దు టీచర్. మీరు చెప్తే మళ్లీ అయిందనేస్తాం. కాగితాలిస్తే మేమే మడిచి చూసుకుంటాం."

హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసుకుంది. "పది నిమిషాలే ఉన్నాయి. మడతలతో కూర్చుంటే పాఠం అవలేదనే రాయాల్సొస్తుంది. తర్వాత నన్ననుకోవద్దు."

టీచర్ బీరువాలోంచి తెల్లకాగితాలు తీసింది.

"రాయండి మేడం" అంది పంచుతూనే. "ఇన్నేళ్లుగా ఎన్ని పాఠాలు అవలేదో."