నాలుగు చుట్ల రికార్డు

బిక్షమ్మ పత్తి చేను నుంచి బడి దాకా ఉరికొచ్చింది. చేతిలో ఇనుప తాళాల గుత్తి.

"ఏది సారూ నా బిడ్డ? ఎక్కడ పడిపోయింది?"

పీఈటీ విజేందర్ సారు బిత్తరపోయాడు. "పడుడేందక్కా? నేను ఫోన్ల చెప్పింది ఫిట్‌నెస్. మీ రూపకు మస్తు ఫిట్‌నెస్ ఉందన్న."

"నాకు ఫిట్స్ అనే ఇనిపిచ్చింది సారూ. చేతుల పెడదామని తాళాలు దెచ్చిన."

గుమ్మం దగ్గర నిలబడ్డ రూప నవ్వింది. పదమూడేళ్ల పిల్ల. బిక్షమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె వచ్చింది గానీ, ఆమె ఊపిరి ఇంకా దారిలోనే ఉంది.

కట్టంగూర్ దిక్కు ఉన్న ఆ బడికి చదువులో పేరు లేదు గానీ, పరుగులో పరువుంది. సారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీశాడు. మొదటి పేజీలో ఎప్పటిదో రాత: ఎనిమిది వందల మీటర్లంటే గ్రౌండుకు నాలుగు చుట్లు. విజేందర్ వచ్చి రెండేళ్లే. అంతకుముందు సార్లు ఎన్నిసార్లు మారినా, చుట్లు మాత్రం మారలేదు.

"చూడక్కా. తెలంగాణ అచ్చిన కొత్తల ఈడ ఫస్టొచ్చిన పిల్ల మూడు నిమిషాల పది సెకన్లు. తర్వాత మూడు. తర్వాత రెండు యాభై. గట్ల తగ్గుకుంట అచ్చింది. మీ రూప నిన్న రెండు ఇరవై."

"తగ్గుడు మంచిదా సారూ?"

"ఉరుకుట్ల తగ్గితేనే ఎక్కువక్కా."

పిల్లలు ఫోన్లకు అతుక్కుని ఉబ్బిపోతున్నారని పేపర్లు మొత్తుకుంటుంటే, ఇక్కడి పిల్లలు ఏటికేడు చురుకవుతున్నారు. హెడ్మాస్టరు ఆ అంకెలన్నీ బడి గోడ మీద రాయించాడు. రేషన్ కార్డు లేని ఇంటిక్కూడా ఇప్పుడు రికార్డుంది.

నల్లగొండలో సెలెక్షన్లు. ఈ బడి పిల్ల అక్కడికి పోవడం ఇదే మొదటిసారి. గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. తిండి, బట్ట, చదువు, ఇంటర్ దాకా ఫికర్ లేదు. గెలవకపోతే తల్లి వెంట పత్తి చేను. వయసు లెక్కన రూపకు ఇదే ఆఖరి ఏడాది.

"సీటు అస్తదా సారూ?"

"నిరుడు ఆడ ఫస్టొచ్చిన పిల్లది రెండు నలభై. మన రూప టైముకు సీటు కాదక్కా, సోఫా ఏస్తరు."

స్టేడియంలో ట్రాకు నాలుగు వందల మీటర్లు. రెండు చుట్లు ఉరకాలి. మొదటి మలుపు దాకా రూపే ముందు. బిక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చుట్టు పూర్తయ్యేసరికి రూప అందరికంటే వెనక. రెండో చుట్టు తొలి మలుపులో ఆమె కాళ్లు వాటంతటవే ఆగాయి, పరుగు అయిపోయినట్టు. తర్వాత నడిచింది. గీత దాటేసరికి అయిదు నిమిషాలు దాటింది.

సెలెక్టరు ఫారం చూశాడు. "రెండు ఇరవై అని రాసిండ్రు. గాలికి రాసిండ్రా?"

విజేందర్ తల దించుకున్నాడు.

తిరుగు బస్సులో రూప ఒక్కమాటే అంది. "అమ్మా, నేను మంచిగనే ఉరికిన."

"ఊకో బిడ్డా," అంది బిక్షమ్మ, కిటికీలోంచి పత్తి చేన్లను చూస్తూ.

మర్నాడు పొద్దున బడి ముందు తల్లిదండ్రులంతా పోగయ్యారు.

"దొంగ టైములు రాసి పిల్లలకు లేనిపోని ఆశ వెట్టినవు సారూ. నా బిడ్డ ఆగమైంది," అంది బిక్షమ్మ.

విజేందర్ లోపలికి పోయాడు. స్టాప్‌వాచీ తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. రూపను మళ్లీ ఉరకమన్నాడు. నాలుగు చుట్లు. చూసేవాళ్లు తమ సెల్‌ఫోన్లలోనూ టైము పెట్టుకున్నారు. అన్నిట్లో ఒకటే లెక్క: రెండు ఇరవై ఒకటి.

జనం ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగి చూశారు. వాళ్లలో ఒకడు ఏసోబు, తాపీ మేస్త్రీ. ఆయన కూతురిది ఏడో తరగతి, వచ్చే ఏడు సెలెక్షన్లకు పోవాల్సిన పిల్ల.

"ఒక్క చుట్టు ఎంతుంటది సారూ?"

"రెండొందల మీటర్లు. రిజిస్టర్ల ఉంది."

"ఎవరు గొల్సిండ్రు?"

ఏసోబు బండి డిక్కీలోంచి టేపు తీశాడు. పిల్లలు ఉరికే దారి పట్టుకుని మెల్లగా కొలుచుకుంటూ తిరిగొచ్చాడు. అందరూ ఆయన నోటికేసి చూశారు.

పదేళ్లలో ఒక మూల నీళ్ల ట్యాంకు, ఇంకో మూల వంట షెడ్డు, రోడ్డు వైపు ఊరి మీటింగు హాలు, దాని పక్కన సెల్‌టవరు లేచిన ఆ గ్రౌండులో ఇప్పుడు చుట్టంటే నూట ఇరవై మీటర్లు.