అట్ట మీద లేని పేరు

“అట్ట మీద అందరి పేర్లూ ఉన్నాయి. చర్చిలో ఆర్గన్ వాయించే ముసలాయన పేరు కూడా ఉంది. డ్రమ్ములు ఎవరు వాయించారో మాత్రం లేదు. ఎందుకురా?”

ఆస్గైర్ ఆ రికార్డును బల్ల మీదికి విసిరేశాడు. నార్వేలోని బెర్గెన్ ఊరి వానలో తడిసి ముద్దయి వచ్చాడు. ఓడ్వార్ తువ్వాలు అందిస్తే కుర్చీ మీద పడేశాడు.

ఇరవయ్యేళ్లకు పైగా ఇద్దరిదీ ఒకే మెటల్ బ్యాండు. ముందు నిలబడి ఓడ్వార్ గిటారుతో గొంతు చించుకునేవాడు. వెనక ఆస్గైర్ డ్రమ్ములు ఉరిమేవి. ఇప్పుడు ఓడ్వార్ తన ఒక్కడి పేరు మీద ఆల్బమ్ చేశాడు. పాత ఉరుములూ అరుపులూ అలాగే ఉన్నాయి. వాటి పక్కన పల్లె ఫిడేలు, ఆర్గను, కొండల్లో ఆవుల్ని పిలిచే పాటలు వచ్చి చేరాయి.

“ముందు వాఫుల్ తిను. మేకపాల చీజు కూడా ఉంది.”

“నువ్వే తిను. కొత్త దారి తొక్కావు, తొక్కు. ఫిడేలు పెట్టుకో, ఆవుల్ని తోలుకో, నాకేం? డ్రమ్ములకి నన్ను పిలవకపోవడమేంటి? నేను చచ్చాననుకున్నావా?”

“నువ్వయితే అంతా బాదేస్తావు. ఇందులో ఆగాల్సిన చోట్లున్నాయి.”

“ఆగడం నాకు రాదా?”

ఓడ్వార్ కాఫీ కప్పు అందుకున్నాడు.

నిజానికి ఆస్గైర్ కడుపుమంట అది కూడా కాదు. ఆ పొద్దున తిట్టడానికే రికార్డు పెట్టుకున్నాడు. మూడో పాటలో ఉలిక్కిపడి, సూది ఎత్తి మళ్ళీ మొదట్నుంచి విన్నాడు. ఎడమచేతి దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. ఆ ఆలస్యం తనది. చిన్నప్పుడు మణికట్టు విరిగి, వంకరగా అతుక్కుని, అలా వచ్చిన వాటం. ఎందరు ప్రయత్నించినా ఎవరికీ పట్టుబడలేదు.

“మూడో పాటలో ఉన్నది నా చెయ్యి. నా అవిటి చేతిని కూడా వదల్లేదు, దొంగవెధవ. కాదంటావా?”

“అనను.”

“నేనెవరికీ నేర్పలేదు. కాళ్ళావేళ్ళా పడి అడిగినా నేర్పలేదు.”

“అదీ తెలుసు.”

“మరి వాడికెలా వచ్చింది?”

“నన్నడిగితే? నేను పేరు వేస్తానన్నాను. పేరు చూస్తే నువ్వు రికార్డు ముట్టుకోవని, వద్దంటే వద్దని పట్టుబట్టారు.”

“ఓహో, నా సంగతి బాగా తెలిసినవాడే.”

“చాలా బాగా.” ఓడ్వార్ కాఫీ కప్పు కింద పెట్టాడు. “అది సరే, ఎలా వాయించారో చెప్పు.”

ఆస్గైర్ ముఖం కందిపోయింది. సంగీతం విషయంలో అతనికి అబద్ధమాడటం రాదు.

“బాగుంది. అందుకేరా ఒళ్ళు మండుతోంది. నా చేతిని నాకంటే బాగా వాడాడు. ఎక్కడున్నాడో పిలువు. మొహం మీదే అడుగుతాను.”

ఓడ్వార్ లేచి లోపలికి వెళ్ళాడు. ఆస్గైర్ కిటికీ దగ్గర నిలబడి, బయట రేవు మీద పడుతున్న వానను చూస్తూ కోపాన్ని కూడదీసుకున్నాడు. వెనక అడుగుల చప్పుడయింది. అతను తిరగలేదు.

“చెప్పరా దొంగా, ఆ దెబ్బ ఎక్కడ నేర్చుకున్నావు?”

“నీ గది తలుపు బయట కూర్చుని, నాన్నా,” అంది కూతురు.