నీలమ్మ గేదె నవ్వు

పిల్లలూ, ఈ కథ మీ చెవిన ఎప్పుడూ పడలేదు కదా, ఇలా దగ్గరికి జరగండి.

ఒక అడవిలో ఒక గోరింక మోడెక్కి నవ్వుల ఆట ఆడేది. కోడిపుంజు వేషమూ తనే, దాన్ని కసిరే పెట్ట వేషమూ తనే. ఆ కాపురం చూసి ఉడుతలు కొమ్మల మీంచి జారిపడేవి. ఒకరోజు కొత్తగా వచ్చిన నీలమ్మ అనే గేదె ముందు వరుసలో కూర్చుని, మూతి కూడా కదపకుండా చూసి వెళ్లిపోయింది. గోరింకకు ఇక ఉడుతల నవ్వు చెవికెక్కలేదు. ఆ పూట గింజ ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చెరువుకెళ్లి, "నీలమ్మత్తా, నా ఆటలో తప్పేమిటో చెప్పు. ఇవాళ్టితో మానేస్తాను" అంది.

నీళ్లలో పడుకున్న గేదె ఉన్నట్టుండి చెరువంతా చిందేలా నవ్వింది.

"అన్ని తిట్లూ తిని, ఆ పుంజు 'గెలిచింది నేనే' అని కూసిందా! అబ్బబ్బా!"

"అది నిన్నటి మాట కదత్తా!"

"ఒసే పిచ్చిదానా, మేం గేదెలం దేన్నైనా ముందు మింగేస్తాం. నెమరేయడం తీరిగ్గా తర్వాత."

గోరింక మోడు వైపు ఒక్క ఎగురు ఎగిరింది.

మీరూ ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. వాళ్లు వెంటనే నవ్వకపోతే కంగారుపడకండి, తెల్లారేదాకా ఆగండి.