డాక్టర్లకు మాత్రమే

"రాసుకో. పాంక్రియాస్ తోకలో గడ్డ. లివర్ నిండా మచ్చలు."

స్కానింగ్ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని చెబుతున్నాడు. భార్య టైపు చేస్తోంది.

పెళ్ళికి ముందు నుంచీ ఇదే వరస. అప్పట్లో ఆమె ఆయన ఆస్పత్రిలోనే టైపిస్టు. ఆయన స్కాన్ చూసి చెబుతుంటే రిపోర్టు కొట్టేది. పెళ్ళయ్యాక ఆస్పత్రి మానేసింది గానీ టైపు మాత్రం తప్పలేదు. ఏం చేస్తుంది మరి? ఆ మహానుభావుడికి ఎంత నక్కిన రోగమైనా చిటికెలో దొరుకుతుంది, కీబోర్డు మీద అక్షరం మాత్రం దొరికి చావదు.

అందుకే స్కానింగ్ డాక్టర్ల ఈమెయిల్ లిస్టుకు పేరుకే ఆయన పెద్ద, చాకిరీ అంతా ఆమెది. ఒకరు అంతుపట్టని స్కాన్ మెయిల్‌లో పెడితే వందలమంది డాక్టర్లకు చేరుతుంది. తలా ఒక మాట చెబుతారు. సెలవులో ఉన్నాను, మెయిల్స్ ఆపండి అంటాడొకాయన. విడివిడిగా వద్దు, రోజుకోసారి మూటగట్టి పంపండి అంటాడింకొకాయన. నన్ను తీసేయండి మహాప్రభో అని ఆమెకు రాయాల్సింది లిస్టు మొత్తానికీ రాసి చీవాట్లు తింటాడు మరొకాయన. చేర్చడం, ఆపడం, తీసేయడం అన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఈ కేసు ఎక్కడో దూరపు ఆస్పత్రి నుంచి వచ్చింది. పెట్టిన డాక్టరు లిస్టులో కొత్తగా చేరిన మనిషి. రోగి పేరు రాయకూడదని లిస్టు నియమం. అరవై దాటిన మగమనిషి అని మాత్రం రాసి ఉంది.

"మరి ఆపరేషన్?" అడిగింది ఆమె.

"దండగ. కోసి, చూసి, కుట్టేయడమే. రాయి. నెలలే. ఇంటికి పంపించి, నొప్పి తెలియకుండా చూసుకోండి."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదండీ. ‘నెలలే’ అనే రాయనా? కాస్త మెత్తగా..."

"డాక్టరుకి చెప్పేటప్పుడు నాన్చుడెందుకు? నెలలే."

లిస్టులో ఆయన కుండబద్దలు కొడతాడు. అదే రోగి ఎదురుగా వచ్చి కూర్చుంటే నోరు పెగలదు. "ఏం ఫరవాలేదు, మంచి మందులున్నాయి" అనేస్తాడు. సొంత మామగారి స్కాన్ చూసి కూడా ఇంట్లో ఆఖరిరోజు దాకా అదే పాట పాడాడు. తండ్రితో నాలుగు మాటలు చెప్పుకునే వీలు కూడా కూతురికి లేకుండా పోయింది. ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఆయనకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ కూర్చున్నారు. టేబుల్ మీద ఒక్క కప్పు టీ ఉంది.

"నీకేదీ?"

"తాగబుద్ధి కావట్లేదు. ఇదిగో, ఆ పాంక్రియాస్ కేసు పెట్టినవాళ్ళు మళ్ళీ రాశారు."

చదివి వినిపించింది. నొప్పి ఎప్పుడు మొదలవుతుంది? తన పనులు తను ఎన్నాళ్ళు చేసుకోగలరు? ఇంట్లో వాళ్ళకు ఎప్పుడు చెప్పాలి? చివరిది రెండుసార్లు చదివింది.

ఆయన కళ్ళు తెరిచాడు.

"ఆగాగు. ఇవి డాక్టరు అడిగే ప్రశ్నలేనా? వీడెవడో ఆ పెద్దాయన కొడుకో అల్లుడో అయ్యుంటాడు. నాలుగు డాక్టరు మాటలు పట్టుకుని లోపల దూరాడు. అసలు నువ్వెలా చేర్చావు?"

"ఆస్పత్రి పేరు రాసి ఉంది. చేర్చేశాను."

"బాగుంది సంబడం!"

"పాపం, తెలుసుకోవాలని ఉండదాండీ?"

"ఉంటుంది. తెలిశాక ఆ ఉన్న నాలుగు రోజులూ బతకబుద్ధి కాదు. ఎంతమందిని చూళ్ళేదు నేను!"

అన్నాడే గానీ నిన్నటి జవాబు మనసులో మెదిలింది. నిన్న తను చెప్పిన ‘నెలలే’ నేరుగా ఆ ఇంట్లోవాళ్ళ కంటబడి ఉంటుంది. ఎవరో ఏమో, దాన్ని ఒంటరిగా చదువుకుని ఉంటారు. పక్కన ఎవరైనా ఉన్నారో లేదో. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడుపొచ్చినప్పుడల్లా కోప్పడటం ఆయనకు అలవాటు.

"తీసెయ్ ఆ పేరు! బయటివాళ్ళు చదువుతున్నారని తెలిస్తే రేపట్నుంచి లిస్టులో ఒక్కడు కూడా నిజం రాయడు."

"తీసేస్తాను. ముందు ఆ చివరిదానికి జవాబు చెప్పండి, అదొక్కటే. ఇంట్లో వాళ్ళకు ఎప్పుడు చెప్పాలి?"

ఆయనకు మామగారి మంచం గుర్తొచ్చింది.

"చెప్పొద్దని రాయి" అన్నాడు మెల్లగా. "ముందే తెలిస్తే వాళ్ళు తట్టుకోలేరు. ఉన్నన్నాళ్ళూ ఆ పెద్దాయన్ని ఇంట్లో నవ్వుతూ తిరగమను."

ఆమె ఒక్కో అక్షరమే కొట్టింది. పంపింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

"తీసేస్తే ఆ మనిషికి ఒక మెయిల్ వెళ్తుంది. ఆ ఒక్కరికే. వద్దంటే ఆపొచ్చు."

"ఆపడమెందుకు? వెళ్ళనీ."

ఆమె పేరు మీద గుర్తు పెట్టి, మీట నొక్కి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టేబుల్ మీద వదిలేసిన ఆమె ఫోన్ టింగుమంటే, ఎవరో చూద్దామని అందుకుని ఆయన చదివాడు: "స్కానింగ్ డాక్టర్ల లిస్టు నుంచి మిమ్మల్ని తొలగించాము."