చుబుకం మీద మచ్చ

"ఆ పుట్టుమచ్చ తీసేశావు కదూ, డెల్‌బర్ట్?" తలుపు తోసుకుని వస్తూనే అడిగింది లొరేన్.

హాలీవుడ్ తారల ఫొటోలకు మెరుగులు దిద్దే డెల్‌బర్ట్ నవ్వాడు. "తీసేయడమా! ఇంకాస్త నల్లగా దిద్దాను తల్లీ. సినిమా పత్రికలో పేజీ నిండా ప్రకటన. తారాగణంలో మొదటి పేరు నీదే. ఆ పత్రిక వారం నుంచి దేశమంతా అమ్ముడుపోతోంది."

ఆమె తలుపు గడియ పెట్టింది.

"స్టూడియోవాళ్లు నా జుట్టు రంగు మార్చారు, ముక్కు సరిచేశారు, పళ్లు కట్టించారు. మిగిలింది ఈ మచ్చొక్కటే. తెరమీద పౌడర్‌తో కప్పుకుంటున్నాను. నిన్ను బతిమాలాను కదా!"

"చాల్లే నీ వేషాలు! అందరూ బొమ్మ పెద్దది వేయమని ఏడుస్తుంటే, నువ్వు దాక్కుంటానంటావేంటి? ఇక నిన్ను గుర్తుపట్టనివాడు ఉండడు, పో."

ఆమె కిటికీలోంచి బయటికి తొంగిచూసింది. అతను అది చూడలేదు.

ఫోను మోగింది. డెల్‌బర్ట్ విని, మళ్లీ నవ్వాడు.

"గేటు దగ్గర ఎవడో పత్రిక చేతబట్టుకుని గొడవ చేస్తున్నాడట. తన పెళ్లాం హిల్డాని బయటికి పంపమంటున్నాడట. ఆ పేరుగలవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"లేరని చెప్పు," అంది హిల్డా.